నీడన ఎండిన టమాటాలు

మా వదిన పేరు కాండే. ఆమె టమాటా కోస్తుంటే చూడాలి. కింద పలక ఉండదు, కత్తిపీట ఉండదు. ఎడమ అరచేతిలో కాయ పెట్టుకుని చిన్న కత్తి అలా అలా ఆడిస్తే ముక్కలు తెగేవి, కింద తొక్క మాత్రం అంటుకునే ఉండేది. చాప మీద వేస్తే నాలుగు రేకులై విచ్చుకునేది. కోస్తున్నంతసేపూ నోరు ఊరుకునేది కాదు. పక్కింటి కాపురం, ఎదురింటి పెళ్లి, రాజుగారి గుర్రానికి వచ్చిన జబ్బు, అన్నీ ఆమెకి కావాలి. పెళ్లయి మా ఇంట్లో అడుగుపెట్టాక మా వీధి దాటి ఎరగదు, అయినా కానో పట్నంలో ఏ వస్తువు ధర ఎంతో నన్ను అడగక్కర్లేదు, ఆమెని అడగాలి.

మాలో పెళ్లయిన ఆడది పగటిపూట గడప దాటితే మొగుడికి తలవంపులు. అందుకని ఆడవాళ్లు చేలోకి పోరు, చేనే ఇంట్లోకి వస్తుంది. మా అన్న బరావు కాలువ కింద టమాటా వేస్తాడు. కాయ బుగ్గన కాస్త పసుపు తిరిగిందో లేదో, తెంపి బుట్టలకెత్తేస్తాడు. సరుకు పోయేది దక్షిణాన సముద్రం ఒడ్డునున్న లాగోస్‌కి, అదేమన్నా పక్కనుందా? పండిన కాయ ఎక్కిస్తే అక్కడికి చేరేది చారు. లారీ వాళ్లు బుట్ట మీద బుట్ట పేర్చి, ఆపైన వాళ్లూ ఎక్కి కూర్చుని, దారంతా పాటలు పాడుకుంటూ పోతారు. పగిలినవీ, నలిగినవీ, ఎండదెబ్బ తిన్నవీ గాడిద మీద ఇంటికొస్తాయి. అవి ఆడవాళ్ల సొత్తు. కోసి, ఎండబెట్టి, వానాకాలంలో అమ్ముకుంటారు. ఆ డబ్బు సంగతి మగవాడు అడగకూడదు.

నా సంగతి కూడా చెప్పేస్తాను. నా పేరు అసాబే. బరావు చెల్లెల్ని. రెండుసార్లు పెళ్లాడి రెండుసార్లూ పుట్టింటికి తిరిగొచ్చినదాన్ని. నా నోరు మంచిది కాదని ఇద్దరు మొగుళ్లూ అన్నారు. వేరే దేనిలోనూ వాళ్లకి పొత్తు కుదరదు గానీ అందులో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. తిరిగొచ్చిన ఏడాదే వదిన తొలిచూలు కన్నది. ఆడపిల్ల. మా అమ్మ పేరే పెట్టారు, ఇంట్లో ఉన్న పెద్దావిడ పేరు నోటితో పలకకూడదు కాబట్టి ఉవానీ అని పిలిచేవాళ్లం.

తల్లి మాత్రం అలాగైనా పిలవలేదు. తొలి బిడ్డని తల్లి పిలవదు. నలుగురిలో ఎత్తుకోదు, ముద్దాడదు, ఏడిస్తే లేవదు. పాలిచ్చేటప్పుడు కూడా మొహం పక్కకి తిప్పుకుంటుంది. ఆ బిడ్డంటే ప్రేమ ఉందని బయటపడితే సిగ్గులేనిది అంటారు. రెండో బిడ్డ దగ్గర్నుంచీ ఈ గొడవేమీ లేదు, ఎంత గారం చేసినా ఎవరూ ఏమీ అనరు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో గానీ, వాళ్లు తొలి బిడ్డలు అయ్యుండరు.

వదిన మర్యాద గల ఇంటి పిల్ల. సిగ్గు బాగా నేర్చుకుని వచ్చింది. ఉవానీ పాలు మరిచాక నా గదిలోకి మారింది, నా పక్కనే పడుకునేది, నన్ను అత్తా అనేది. నడక నేర్చే రోజుల్లో ఒకసారి పొయ్యి దగ్గర బూడిదలో బోర్లా పడింది. నిప్పు చల్లారలేదు ఇంకా. వదిన అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని టమాటా కోస్తోంది. లేవలేదు.

"అసాబే, అక్కడేదో పడింది, చూడు" అంది.

ఏదో పడిందట! నేను పరిగెత్తి ఎత్తుకుని ఊదుకుంటూ వదినని తిట్టాను. ఆమె తలెత్తలేదు. కాలి వేళ్లు మాత్రం మట్టిలోకి గుచ్చుకుపోయి ఉన్నాయి. తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు. వాళ్లని వీపున కట్టుకుని పాటలు పాడుతూ పని చేసుకునేది. ఉవానీ నా గుమ్మంలో నిలబడి ఆ పాటలు వినేది, తర్వాత నా దగ్గరికొచ్చి అవే పాటలు నాకు పాడి వినిపించేది.

ఉవానీకి పాలపళ్లు ఊడే వయసులో మొదలైంది. పొద్దు గుంకే వేళకి ఆట వదిలేసి వచ్చి గోడ పట్టుకుని కూర్చునేది. నీళ్లు తెమ్మంటే కుండ పక్కన చెయ్యి పెట్టి తడిమేది. వీధి పిల్లలు ఆట పట్టించేవాళ్లు.

"కోడొచ్చింది, కోడొచ్చింది! గూట్లోకి పో!"

ఒక సాయంత్రం దంచుతున్న రోలు మీదికి నేరుగా నడిచి వచ్చింది. రోకలి పోటు తప్పింది గానీ నుదురు పగిలింది. అది రేచీకటి అని నాకు అప్పుడు అర్థమైంది. వదినకి చెప్పాను.

"వదినా, దానికి సందెవేళ చూపు ఆనటం లేదు."

"ఎవరికి?" అంది, ఎవరో తెలియనట్టు.

"ఎవరికేమిటి? నీ కూతురికి!"

కత్తి ఆగింది. చుట్టూ చూసింది, ఎవరైనా విన్నారేమోనని. తర్వాత కాయని చేతిలో తిప్పుతూ అంది, "మా పుట్టింటి వైపు కూడా ఎవరికో అలాగే ఉందట. నర్సమ్మ వస్తే అడిగి పెట్టు. వాళ్లకి కబురు చేస్తాను."

పుట్టింట్లో ఎవరికీ ఏమీ లేదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

కాలువ గట్టు మీది ఆసుపత్రి నుంచి నర్సమ్మ పసిపిల్లల్ని తూచడానికి ఇంటింటికీ వచ్చేది. వాకిట్లో కూర్చోబెట్టి ఉవానీని చూపించాను. వదిన గదిలో చాప తెర వెనక ఉంది. నర్సమ్మ పిల్ల కళ్ల రెప్పలు విప్పి చూసి మొహం చిట్లించింది.

"తిండిలో సత్తువ లేక వచ్చేదమ్మా ఇది. కాలేయం పెట్టు. గుడ్డు, ఆకుకూర, ఎర్ర పామాయిల్ నూనె పెట్టు. బిళ్లలు ఇవ్వాలి గానీ అయిపోయాయి. మళ్లీ బండి వస్తే తెస్తాను."

"కాలేయమా? మా ఇంట్లో అది ఆడపిల్ల నోటిదాకా వస్తుందా! టమాటా అయితే గుట్టలున్నాయి నర్సమ్మా. పుట్టిన దగ్గర్నుంచీ అదే తింటోంది. కంటికి మంచిదంటారు కదా, మరి ఇలాగెందుకైంది?"

ఆవిడ లేచి మూలనున్న గోనెసంచిలోంచి ఒక ఎండుముక్క తీసి వెలుతురులో పట్టుకుంది.

"చూడు దీని రంగు. పాత ఇటుకలా లేదూ? పచ్చిగా ఉండగా తెంపారు, గడ్డిలో మగ్గింది. దెబ్బలు తిన్నాక ఇంటికొచ్చింది, ఇంకో రెండ్రోజులు గంపలో పడుంది. అప్పుడు కోసి మండే ఎండలో దుమ్ములో పరిచారు. ఏడాదిగా సంచిలో ఉంది. ఇంక దీంట్లో ఏం మిగులుతుంది? పులుపు మిగిలింది. కంటికి పనికొచ్చేది చాలావరకు ఎండే తినేసింది."

"మరెలా ఎండబెట్టాలి?"

"చెట్టు మీదే ఎర్రబడ్డ కాయ తెంపాలి. దెబ్బ తగలకుండా తెచ్చి ఆ రోజే కొయ్యాలి. ఎండలో కాదు, నీడన గాలికి ఆరాలి. ఆరాక వెలుతురు తగలని కుండలో పెట్టుకుని, నూనెలో వేయించి వండాలి. నూనె లేకపోతే ఒంటికి పట్టదు. అదొక్కటే చాలుతుందని చెప్పను, బిళ్ల పడాల్సిందే. కానీ ఏమీ లేనిచోట అదైనా నయం."

చాప వెనక నుంచి గొంతు వచ్చింది. "నీడన అయితే ఎన్నాళ్లకి ఎండుతుంది?"

"లోపలెవరు? పిల్ల తల్లా?" అంది నర్సమ్మ.

"కాదు, వ్యాపారం మనిషి. వ్యాపారం మాట చెవినపడితే ఆగలేదు" అన్నాను. తొలి బిడ్డ జబ్బు గురించి పరాయి మనిషి ఎదుట నోరు విప్పిందన్న మాట వదినకి రాకుండా నేను చేయగలిగింది అంతే.

ఆ వారమే వదిన మా అన్నతో గొడవ పెట్టుకుంది. మామూలుగా ఆమె మొగుడితో మెల్లగానే మాట్లాడేది. ఆరోజు గోడ ఇవతలికి వినబడింది.

"కాలువ పక్క సాళ్లు నాకు వదిలెయ్యండి. ఎర్రబడ్డాకే తెంపించండి."

"ఎర్రబడ్డాకా? పిట్టలకి విందు చేస్తావా ఏంటి?"

"నా వ్యాపారానికి."

"నీ వ్యాపారానికి పగిలినవి ఇస్తున్నా కదే! కాయ చెట్టున ఉంచితే పురుగు పడుతుంది, పక్క సాళ్లు కూడా పోతాయి. లారీ వాడికి ఏం చూపించను, నీ మొహమా?"

"నా మేక తీసుకోండి. ఈనబోయే మేక."

ఆ మేకంటే వదినకి ఎంత ప్రాణమో అన్నకి తెలుసు. చివరికి మేక తీసుకుని, కాలువ పక్కవి కాదుగానీ, చేను చివర నీళ్లు సరిగా ఎక్కని సాళ్లు ఇచ్చాడు. ఎందుకు అడిగిందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

నీళ్లు చాలని మొక్కల కాయలు చిన్నవి, తొక్క మందం. "ఇవేమిటే, గోళీలాటకా?" అని మా అమ్మ నవ్వింది. కానీ ఎరుపు మాత్రం అంత ఎరుపు నేనెప్పుడూ చూడలేదు. వదిన వాటిని గాడిద మీద వేయనివ్వలేదు, గంపలో గడ్డి పరిచి తలమీద తెప్పించుకుంది. వచ్చినరోజే కోసింది. పెరట్లో జొన్నదంటు పందిరి కింద మంచం వేసి, దాని మీద చాప, చాప మీద ముక్కలు, పైన పల్చటి గుడ్డ. ఉత్తరాన్నుంచి పొడి గాలి వీచే రోజులు కాబట్టి బూజు పట్టలేదు. అయినా రోజూ ఒక్కొక్క ముక్కనీ తిప్పి వేసేది. ఎండలో అయితే ఒక్కసారి పరిచి మరిచిపోవచ్చు. నీడన అయితే పసిబిడ్డ దగ్గర కూర్చున్నట్టు కూర్చోవాలి.

గోడ అవతలి ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏమే కాండే, టమాటాలకి కూడా పరదా పెట్టావట?"

"మీవి ఎండనపడి తిరిగి ఎలా వెలిసిపోయాయో చూసుకోండి. నావి పెళ్లికూతుళ్లు" అంది వదిన.

"పెళ్లికూతుళ్లని ఎవడు కొంటాడే? లారీ వాడికి బరువు కావాలి గానీ అందం ఎందుకు?"

"అమ్మేదెవరు!" అంది. అనేసి నాలిక కరుచుకుంది.

ముక్కలు ఆరాక నల్లటి కుండలో పోసి, మూత పెట్టి, మట్టితో మెత్తింది. ఆ మధ్యాహ్నం ఉవానీ పెరట్లోకి వస్తే వదిన ఎప్పటిలా తల వంచుకోలేదు. పిల్ల దాటిపోయేదాకా దాని నడకనే చూసింది. నేను చూస్తున్నానని తెలియగానే గుడ్డ సర్దుతున్నట్టు నటించింది. ఆ రోజుల్లో ఆమె సంతోషంగా ఉండేది. నేనూ ఆశపడ్డాను. ఆశపడ్డందుకు ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

ఎందుకంటే ఆ కుండలోది ఉవానీ గిన్నెలోకి ఎలా వెళ్తుందో మేమిద్దరం ఆలోచించలేదు. వంట వదినదే. కానీ మా ఇంట్లో వడ్డించేది మా అమ్మ. పెద్ద గరిటె ఆమె చేతిలో ఉంటుంది. పైన తేలే ఎర్ర నూనె, చిక్కటి పులుసు, మాంసం ఉంటే మాంసం, మొదట మగవాళ్ల గిన్నెలోకి. తర్వాత అతిథి ఉంటే అతిథికి. తర్వాత పెద్దవాళ్లకి. అడుగున మిగిలినదాంట్లో నీళ్లు పోసి తిప్పి పిల్లలకి. మా అమ్మ చెడ్డది కాదు. తన పేరు పెట్టుకున్న మనవరాలని ఉవానీకి కొంగున కట్టుకొచ్చి వేరుశనక్కాయలు పెట్టేది. కానీ పులుసు దగ్గర మాత్రం వరస వరసే.

మొదటి రోజు వదిన కొత్త ముక్కల్ని నూరి, తన డబ్బుతో తెప్పించిన ఎర్ర నూనెలో వేయించి పులుసు పెట్టింది. వీధిలోకి వెళ్లింది వాసన. ఆరోజే లాగోస్ నుంచి బేరగాళ్లు వచ్చారు. మా అన్న బయటి గది నుంచి కేకలు, "ఇంకొంచెం పంపండి! ఇలాంటి పులుసు జన్మలో తినలేదంటున్నారు!" మా అమ్మ పొంగిపోయి కుండ వంచేసింది. ఉవానీ గిన్నెలో జొన్న సంకటి ముద్ద మీదికి వచ్చింది కాస్త ఎర్రటి నీళ్లు.

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. మెచ్చుకుంటున్నారని అమ్మ చెబితే తల ఊపింది.

"నోరు తెరిచి చెప్పవేం? ఇది దాని కోసం అని చెప్పు!" అన్నాను గదిలోకి లాగి.

"ఏమని చెప్పను? నా పెద్దపిల్లకి వండుకున్నాను, మగవాళ్లకి పెట్టకండి అననా? అత్తయ్య మొహం ఎలా చూడను? మా పుట్టింటి దాకా పోదూ ఆ మాట?"

"పోనీ, పోతే పోయింది!"

"నీకేం, నువ్వు దేనికీ సిగ్గుపడవు" అంది. కోపంగా కాదు, అసూయగా అంది.

సిగ్గులేనిదాన్ని కాబట్టి నేనే చెప్పాను అమ్మకి. "చూపు పులుసులో ఉంటుందా? చూపు దేవుడు ఇచ్చేది. చేలో వంగి చేసేవాళ్ల నోటి దగ్గరిది తీసి పిల్లకి పెడతామా?" అంది. అన్నకి చెప్పాను. తొలి బిడ్డ దగ్గర తండ్రికీ అదే సిగ్గు. నేల చూశాడు. "ఆ పిల్ల సంగతి అమ్మదే కదా. అమ్మకి చెప్పు" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఇంక మిగిలింది దొంగతనం. కుండలోంచి పిడికెడు తీసి ఉవానీకి ఉత్తవే నమలమని ఇచ్చాను. పుల్లగా ఉన్నాయని ఉమ్మేసింది. నర్సమ్మ నూనె అన్నది, నూనె వంటింట్లో, వంటింట్లో అమ్మ.

పులుసు పేరు ఊరంతా పాకింది. అన్న స్నేహితులు ఏదో ఒక వంకన భోజనాల వేళకి వచ్చేవాళ్లు. కుండ అడుగు కనబడింది. వదిన మళ్లీ ఎండబెడదామనుకునేసరికి చివరి సాళ్లలో పురుగు పడింది. అన్న చెప్పినట్టే అయింది, పాపం, అది మాత్రం ఆయన సరిగ్గానే చెప్పాడు. మొక్కలు పీకించేశాడు. కాలువకి నీళ్లు ఆపేశారు. బిళ్లల బండి రాలేదు.

ఎండలు ముదిరేసరికి ఊళ్లో తట్టు వచ్చింది. మా ఇంట్లో ముగ్గురు పిల్లలకీ పోసింది. మగపిల్లలిద్దరూ వారంలో లేచి మేకల వెంట పరిగెత్తారు. ఉవానీ లేవలేదు. ఒళ్లు కాలిపోయేది, కళ్లు పుసులు కట్టి తెరుచుకునేవి కావు. తడిగుడ్డతో తుడిచి తెరిస్తే వెలుతురికి అరిచేది. మోటార్ సైకిల్ మీద అన్న ముందు, నేను వెనక, మధ్యలో పిల్ల, ఆసుపత్రికి తీసుకుపోయాం. తల్లి వెంట రాకూడదు. గడప లోపలే నిలబడింది.

నర్సమ్మ పిల్ల రెప్పలు విప్పి కళ్లు చూసింది. బిళ్లలు వచ్చాయట, ముందు రోజే. వేసింది. "ఒంట్లో ముందునుంచీ కాస్త నిల్వ ఉంటే తట్టు కంటిదాకా వచ్చేది కాదు" అంది. ఎవర్నీ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది నాకు. తిరిగొచ్చేటప్పటికే ఉవానీ రెండు కళ్ల మీదా తెల్లటి పొర దిగింది. అది మళ్లీ పోలేదు.

మా అమ్మ రొమ్ము బాదుకుని ఏడ్చింది. మర్నాడు అన్న మేక కాలేయం మొత్తం ఆకులో చుట్టి తెచ్చాడు. ఎవరికని చెప్పకుండా వంటింటి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు. అమ్మ అది ముట్టుకోలేదు, గరిటె కూడా ముట్టుకోలేదు. వదిన కుండ అడుగున గీకి దొరికిన ముక్కలు వేసి ఆ కాలేయం నూనెలో వేయించింది. ఆరోజు మొదటి గిన్నె పిల్లకే వచ్చింది.

ఉవానీ జబ్బు పడిన దగ్గర్నుంచీ నా చేత్తో పెడితే తప్ప తినేది కాదు. ఆ మధ్యాహ్నం కూడా నేనే ముద్ద కలుపుతున్నాను. వదిన నా గదిలోకి వచ్చింది. పిల్ల మెలకువగా ఉండగా ఆమె ఆ గడప తొక్కడం అదే మొదలు. మాట లేకుండా నా చేతిలో గిన్నె తీసుకుంది. పిల్ల ఎదురుగా కూర్చుంది. ఇంతకాలం పక్కకి తిప్పుకున్న మొహం తిన్నగా పెట్టి ఆ పిల్లని చూసింది. ఎంతసేపు చూసిందో! ఇక తల వంచుకోనక్కర్లేదు, అటునుంచి చూసేవాళ్లు లేరు.

ముద్ద నోటికి అందించింది. ఉవానీ నమిలింది. రెండో ముద్దకి ఆ చెయ్యి పట్టుకుని వేళ్లు తడిమింది. టమాటా పులుపుకి పగిలి, గట్టిపడి, గీతల్లో కత్తిగాట్లున్న వేళ్లు.

"అత్తా, నీ చెయ్యేంటి ఇవాళ ఇంత గరుగ్గా ఉంది?"

నేను నోరు తెరిచాను. వదిన నా వైపు చూసి వద్దని తల అడ్డంగా ఊపింది. నేను చెబుతానేమోనని ఆమె కళ్లలో ఎంత భయమో. ఇంత జరిగాక కూడా సిగ్గే. లేక, అమ్మ అని తెలిస్తే పిల్ల చెయ్యి వదిలేస్తుందని భయమో, నాకు తెలియదు. ఆ వేళ్లని నూనెలో అద్దుకుని, మెత్తగా చేసుకుని, మూడో ముద్ద పెట్టింది. గిన్నె ఖాళీ అయింది.

"రేపు కూడా నువ్వే పెట్టు అత్తా" అంది ఉవానీ.

వదిన అలాగేనని తల ఊపింది. ఊపాక, అది పిల్లకి కనబడదని గుర్తొచ్చి నా వైపు చూసింది.

"అలాగేలే" అన్నాను నేను.